118 కిలోల మనిషి, పదేళ్ల కారు: నా బరువుకు ఏది అరిగింది, ఏది అరగలేదు

నా కారు ముందు చక్రం దగ్గర మొదటిసారి టకటకమని చప్పుడు వచ్చింది 2017 వానాకాలంలో. ఒడిశాలోని మా జయపురంలో అప్పట్లో నేను వెళ్లే మెకానిక్ కారు కిందికి తొంగి కూడా చూడలేదు. నన్ను తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూసి, “సార్, మీ బరువుకు ఏ బండీ ఆగదు” అన్నాడు. పక్కనున్న కుర్రాళ్లిద్దరూ నవ్వారు. ఆ నవ్వు చాలా రోజులు నా చెవుల్లోనే ఉండిపోయింది. ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే తట్టింది: నేను కూర్చునేది కుడివైపు. చప్పుడు వచ్చింది ఎడమ చక్రం దగ్గర.

ఆ రాత్రే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఏ భాగం, ఏ వైపుది, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చానో అన్నీ అందులో ఉన్నాయి. లావుగా ఉన్నవాళ్లు కారు కొనేముందు “నా బరువుకు ఈ బండి ఆగుతుందా” అని అడగడానికి మొహమాటపడతారు. ధైర్యం చేసి అడిగినా ఎగతాళే మిగులుతుంది. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

2014 దసరాకు కొన్న చిన్న పెట్రోల్ కారు ఇది. ఇప్పటికి 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. విత్తనాల వ్యాపారం కాబట్టి బొరిగుమ్మ, కోట్‌పాడ్, నవరంగపూర్ వైపు రోజూ తిరుగుడే. నెలకు రెండుసార్లు సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విజయనగరం వెళ్లి వస్తాను. ఈ పదేళ్లలో నా బరువు 112కు తగ్గలేదు, 120 దాటలేదు. మైలేజీ, ఏసీ, డిక్కీ సంగతులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

ముందు లెక్క చూద్దాం. ఖాళీ కారు బరువు 870 కిలోలు. యూరప్ నిబంధనల్లో డ్రైవర్‌ను 75 కిలోలుగా లెక్కగడతారు. ఆ లెక్కన నేను 43 కిలోలు ఎక్కువ, అంటే 50 కిలోల బియ్యం బస్తాకన్నా తక్కువే. డ్రైవర్ సీటు ముందు, వెనుక ఇరుసులకు ఇంచుమించు మధ్యలో, కుడికి జరిగి ఉంటుంది. కాబట్టి ఆ అదనపు బరువులో ఎక్కువ భాగం కుడివైపు చక్రాల మీద పడుతుంది, ఒక్కోదాని మీద పదహారు కిలోల దాకా. వెనుక సీటులో ముగ్గురు కూర్చుంటే పడే బరువు ముందు ఇది ఎంత? ఆ బరువు మోయడానికే కదా స్ప్రింగులు పెట్టింది!

టేపు పట్టుకుని కొలిచి కూడా చూశాను. నేను సీట్లో కూర్చుంటే కుడి ముందు చక్రం పైన అంచు 2 సెంటీమీటర్లు దిగుతుంది. దిగిపోతే మళ్లీ పైకి వస్తుంది. పదేళ్ల తర్వాత ఖాళీ కారులో కుడివైపు, ఎడమవైపు కన్నా 5 మిల్లీమీటర్లు తక్కువ ఉంది. నా బరువు స్ప్రింగుల మీద మిగిల్చిన గుర్తు ఆ 5 మిల్లీమీటర్లే అనుకుంటున్నాను. కొన్ని జర్మన్ కార్లకు అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేసేటప్పుడు సీట్లలో బరువు పెట్టి చూస్తారు. ఈమధ్య నేను కూడా డ్రైవర్ సీట్లో కూర్చుని ఉండగానే చేయించుకుంటున్నాను. స్టీరింగు కుడికి లాగడం కొంత తగ్గింది.

ఇక ఆ చప్పుడు. వేరే షెడ్డులో కారు పైకెత్తి చూస్తే, ఎడమవైపు లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి కారుకు కలిసే చోట ఉండే రబ్బరు దిండు) చీలిపోయి ఉంది. ఈ పదేళ్లలో ఎడమవైపు ఆ బుష్‌ను మూడుసార్లు మార్చాను, కుడివైపు ఒకసారి. మా రోడ్ల మీద బండి నడిపినవాళ్లకు కారణం చెప్పనక్కరలేదు. ఎదురుగా బరువు లారీ వస్తే తారు అంచు దిగేది ఎడమ చక్రాలే. వాన నీటికి కోసుకుపోయిన అంచు, అక్కడి గుంత, మళ్లీ తారు మీదికి ఎక్కేటప్పుడు తగిలే దెబ్బ, అన్నీ ఆ వైపే. ఒక్క గుంత ఇచ్చే దెబ్బ ముందు నా పదహారు కిలోలు లెక్కలోకి రావు.

బ్రేకులదీ అదే కథ. మా బావమరిది సునాబెడలో ఉంటాడు. అతని బరువు 60 కిలోలు, కారు ఇదే మోడల్. అతను ఘాట్‌ను నాలుగో గేరులో, కాలు బ్రేకు మీద పెట్టే దిగుతాడు. అతని ముందు బ్రేక్ ప్యాడ్లు 22,000 కిలోమీటర్లకే అయిపోయాయి. నేను రెండో గేరులో ఇంజన్‌తో పట్టి దిగుతాను. నావి 38,000 వచ్చాయి. నా అదనపు 43 కిలోలతో కారు బరువు అయిదు శాతం పెరిగితే బ్రేకు ఆపాల్సిన శక్తి అయిదు శాతమే పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క తెలిశాక నా మనసులో పెద్ద భారం దిగింది.

కొన్న రెండేళ్లకు, “ఈ కారు నా బరువును లెక్క చేయదు” అని అడిగినవాళ్లందరికీ చెప్పాను. సస్పెన్షన్ విషయంలో ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. సీటు విషయంలో మాత్రం అలా అని ఉండకూడదు.

2022 జులై. విజయనగరంలో బంధువుల గృహప్రవేశం. పక్క సీట్లో బావమరిది. సుంకి దాటి దిగుతున్నాం, సన్నగా వాన. ఒక వంపు దగ్గర బ్రేకు వేస్తుండగా నా వీపు వెనుక టప్‌మని చప్పుడైంది. సీటు వెనుక భాగం కుడివైపు ఒక్కసారిగా జానెడు వెనక్కి వాలింది. నా కుడి భుజం జారిపోయింది, చేతులు రెండూ స్టీరింగు మీద నిటారుగా సాగాయి, బ్రేకు మీద కాలు తేలిపోయింది. వెనుక లారీ హారన్ కొడుతూనే ఉంది. “బావా, వెనక్కి వాలకు, నేను పట్టుకున్నా” అంటూ అతను సీటు వీపును అరచేత్తో ముందుకు నెట్టి పట్టాడు. నేను స్టీరింగు ఆసరాతో ముందుకు వంగి, కారును ఎలాగో కొండవైపు అంచుకు తెచ్చి ఆపాను. దిగి నిలబడ్డాక మోకాళ్లు వణికాయి. అక్కడి నుంచి పి.కోనవలస మీదుగా సాలూరు దాకా అతనే నడిపాడు, సీటుకు ఆనుకోకుండా.

సాలూరు లారీల ఊరు. లారీ క్యాబిన్లకు వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన షెడ్డుకు వెళ్లాం. ఆయన బ్యాటరీ వైరు తీసి, నాలుగు బోల్టులు విప్పి, సీటును బయటికి తెచ్చి బోర్లించాడు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో కుడివైపు రిక్లైనర్ బ్రాకెట్‌ను, అంటే సీటు వీపును కింది భాగానికి పట్టి ఉంచే ఇనుప పట్టీని, తుడిచి, టార్చి వేసి నన్ను దగ్గరికి పిలిచాడు. బ్రాకెట్ నిలువునా తెగి ఉంది. తెగిన అంచులో ముప్పావు భాగం తుప్పు పట్టి ముదురు గోధుమరంగులో ఉంది. చివర వేలి గోరంత భాగం మాత్రం కొత్త రూపాయి బిళ్లలా మెరుస్తోంది. “ఈ తుప్పు ఉన్నది ఎప్పటిదో బాబూ. ఈ మెరిసేదే ఇవాళ తెగింది” అన్నాడు. నేను ఎన్నాళ్లు ఆ పగులు మీద కూర్చుని ఘాట్ దిగానో తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

అప్పటికే నేను తల వంచుకుని, “నా బరువు వల్లే కదండీ” అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా, “మీరు కారు ఎక్కి చూపించండి” అన్నాడు. పక్కనున్న ఎడమ సీట్లోకి ఎక్కి చూపించాను. “కూర్చున్నాక మీ బరువును సీటంతా పంచుకుంటుంది. ఎక్కేటప్పుడు మాత్రం అంతా తలుపు వైపు అంచు మీదే వేస్తున్నారు. పైగా వెనక్కి వాలి, వీపుతో సీటును తోసి ఒళ్లు లోపలికి జరుపుకుంటున్నారు. ఇక్కడ తెగక ఎక్కడ తెగుతుంది?” అన్నాడు. కొట్టు కొట్టుకూ ఆగే పని నాది, రోజుకు పాతిక ముప్పై సార్లు ఎక్కి దిగుతాను. సీటు స్పాంజి కూడా 40,000 కిలోమీటర్లకే తలుపు వైపు అంచులోనే అణిగిపోయింది. ఆ వాలుకు ఏడాదిపాటు కుడి తుంటి నొప్పితో బాధపడ్డాను. రెండింటికీ కారణం ఒకటేనని ఆ షెడ్డులోనే తెలిసింది.

ఆయన వేసిన పట్టీ నాలుగు నెలలు చెక్కుచెదరలేదు. అయినా ప్రమాదం జరిగితే వెల్డింగ్ చేసిన సీటు ఎంత కాస్తుందో అని భయపడి, 11,500 రూపాయలు పెట్టి కొత్త ఫ్రేమ్ వేయించాను. సర్వీసు సెంటరులో, “మీ బరువు సీటు పరిమితికి మించిందండీ” అన్నారు. కారుతో ఇచ్చిన పుస్తకం పేజీ పేజీ తిరగేశాను. మొత్తం కారు ఎంత మోయవచ్చో ఉంది. సీటుకు పరిమితి ఎక్కడా లేదు. ఉంటే ముందే చెప్పాలి కదా! నా కోపమంతా ఈ ఒక్క విషయం మీదే.

ఇప్పుడు ముందు పక్కకు తిరిగి సీటు మధ్యలో కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకుంటున్నాను. తలుపు స్తంభం పట్టుకుని లేస్తున్నాను. కొత్త ఫ్రేమ్ వేశాక 34,000 కిలోమీటర్లు తిరిగాను. ప్రతి సర్వీసుకూ టార్చి వేసి ఆ బ్రాకెట్ చూస్తాను, ఇంతవరకు గీత లేదు.

నా బరువున్న మనిషి ఇలాంటి చిన్న కారు కొనవచ్చా అంటే, పొద్దున ఆఫీసుకు వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవాళ్లయితే నిస్సంకోచంగా కొనండి అంటాను. నాలా గంటకు మూడుసార్లు ఎక్కి దిగే పని అయితే, సీటు ఎత్తు పెంచుకునే వీలున్న మోడల్ చూడండి. ఎత్తు సరిగ్గా కుదిరితే సీట్లోకి కూలబడాల్సిన పని ఉండదు. పాత కారైతే డ్రైవర్ సీటు వీపును రెండు చేతులతో అటూ ఇటూ ఊపి చూడండి. కుడివైపు ఏ మాత్రం ఆడినా సీటు విప్పించి చూశాకే బేరం మాట్లాడండి. మా కొండ రోడ్లు, నా పని, నా ఒళ్లు కలిసి నేర్పిన సంగతులివి. మైదానంలో ఉండేవాళ్లకు ఇవన్నీ వర్తించకపోవచ్చు.

బావమరిది వచ్చే దసరాకు ఈ కారును తన కొడుకు కోసం తీసుకుంటానంటున్నాడు. ఎడమ బుష్ మళ్లీ మోగుతోంది, అది అతన్నే వేయించుకోమన్నాను. సీటు పట్టాలు మాత్రం నేనే కొత్తవి వేయించి ఇస్తానని చెప్పాను.