గురువారం వెళ్లకండి: రెండు జూల ప్రయాణం

అలీపూర్ జూకు గురువారం సెలవని మాకు గేటు ముందు నిలబడ్డాకే తెలిసింది. డార్జిలింగ్ జూకు కూడా సెలవు అదే రోజు. ముందుగా కనుక్కోకపోవడం నా తప్పే. దాని మూలంగా కోల్‌కతాలో ఒక రోజు గది అద్దె దండగైంది. తొమ్మిదేళ్ల మేనకోడలు మాత్రం మూసిన గేటు అవతల ఏదో కూసిందని సంబరపడింది.

మర్నాడు తెరవగానే వెళ్లాం. 1876లో మొదలైన జూ, మహానగరం నడుమ దాదాపు 45 ఎకరాలు. పెద్ద చెట్లు, నడవడానికి చదునైన దారులు ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవారికి డార్జిలింగ్ కన్నా ఇదే సుఖం. అయితే పదకొండులోపు చూసేయాలి. ఆ తర్వాత పులి దగ్గర, చింపాంజీ దగ్గర, అనకొండల అద్దాల దగ్గర ఇతరుల భుజాల సందుల్లోంచి చూడవలసిందే. ఈ పసుపు అనకొండలు 2019లో మద్రాసు క్రొకడైల్ బ్యాంకు నుంచి వచ్చాయి. పాము కదలకుండా పడుకుంటే టికెట్టు డబ్బులు వృథా అయినట్టు అద్దం మీద టకటకా కొట్టే పెద్దమనుషులను చూశాను. పిల్లలు నయం, ఊరికే ముక్కు ఆనించి చూస్తున్నారు.

నాకు ఆసక్తి కలిగించిన జంతువు మాత్రం అక్కడ ఇప్పుడు లేదు. 1889లో, రామబ్రహ్మ సన్యాల్ సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో, ఇక్కడ సుమత్రా ఖడ్గమృగం ఒకటి ఈనింది. మళ్లీ ఆ జాతికి జూలో పిల్ల పుట్టి బతికి బట్టకట్టడం 2001లో, అమెరికాలోని సిన్సినాటిలో. నడుమ 112 ఏళ్లు! ఇదే అలీపూర్‌లో 1970లలో పులినీ సింహాన్నీ జతకట్టించారు. అలా పుట్టిన రుద్రాణికి మళ్లీ మగసింహంతో పిల్లలు పుట్టాయి. 1979లో పుట్టిన కుబనకాన్ భారీ ఆకారంతో పేరు మోసింది. 1985లో ప్రభుత్వం ఇటువంటి సంకరాలను ఆపించింది. ఈ కథ చెబితే మేనకోడలు అడిగింది: "మరి దాన్ని ఏ అడవిలో వదులుతారు మామయ్యా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్ననే వెంటబెట్టుకుని సియాల్దాలో రాత్రి రైలెక్కాం.

న్యూ జల్పాయ్‌గుడిలో దిగి, అక్కడి నుంచి డార్జిలింగ్‌కు షేర్ జీపులో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. వెనుక సీట్లు పిల్లలకు పనికిరావు, వాంతులు ఖాయం. మధ్య వరుస దొరికేదాకా మరో జీపుకు ఆగడం మేలు. బొమ్మ రైలు అందమైనదే కానీ 88 కిలోమీటర్లకు రోజంతా పడుతుంది. ఘూమ్ దాకా వెళ్లి వచ్చే చిన్న సవారీతో మేం సరిపెట్టుకున్నాం.

బస విషయంలో ఒక పొరపాటు చేశాం. జీపు స్టాండు పక్కన చవకగా గది దొరికిందని దిగాం. తెల్లవారుజామున నాలుగింటికే, సూర్యోదయం చూడటానికి టైగర్ హిల్‌కు వెళ్లే జీపుల హారన్లు మొదలయ్యాయి. వేడినీళ్లు బకెట్టు లెక్కన ఇచ్చారు. మర్నాడే ఊళ్లో చౌరస్తా అని పిలిచే కూడలి దగ్గరి బసకు మారాం. అద్దె ఎక్కువే, వాహనాలు రావు కాబట్టి సామాను మనుషులతో మోయించుకోవాలి. కానీ అక్కడి నుంచి జూకు కాలినడకన అరగంట లోపే, దారంతా నీడ.

డార్జిలింగ్ జూ గేటు మీద పద్మజా నాయుడు పేరు చూడగానే తెలుగువారికి ఏదో చుట్టరికం తోస్తుంది. హైదరాబాదులో పెరిగి పశ్చిమ బెంగాల్ గవర్నరైన ఆమె పేరును, 1958లో మొదలైన ఈ జూకు 1975లో పెట్టారు. సుమారు ఏడు వేల అడుగుల ఎత్తు. లోపలంతా ఎక్కుడే, మోకాళ్ల నొప్పులున్నవారు చేతికర్ర తెచ్చుకోవాలి. అదే టికెట్టుతో పర్వతారోహణ సంస్థనూ, అక్కడి టెన్జింగ్ సమాధినీ చూడవచ్చు.

ఇక్కడ అందరి నోటా ఒకటే మాట: రెడ్ పాండా ఎక్కడ? మేం వెళ్లింది మధ్యాహ్నం. కొమ్మ మీద ఎర్రటి బొంత ఆరేసినట్టు ఒకటి, కిందికి వేలాడే చారల తోక. అంతే. వెదురాకు దానికి సరిగా అరగదు, అందుకే ఎక్కువగా తినాలి, మిగతా వేళ కదలకుండా ఒంట్లో శక్తి దాచుకోవాలి. కదిలేది ఉదయం, సాయంత్రం. "నిద్రపోతోంది, పదండి" అంటూ జనం ఎలుగుబంటి వైపు సాగిపోయారు.

అసలు పని జరిగేది మనకు కనిపించని చోట. మంచు చిరుతల సంతానోత్పత్తి కార్యక్రమం ఇక్కడ 1983లోనే మొదలైంది. రెడ్ పాండాలది 1990లలో. టోప్కే దారాలోని పెంపక కేంద్రంలోకి సందర్శకులను రానివ్వరు. జత కట్టించడానికి వంశావళి పుస్తకం చూస్తారు. రెడ్ పాండాల అంతర్జాతీయ పుస్తకం నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ జూ చేతిలో ఉంది. అక్కడివారే పెళ్లిళ్ల పేరయ్యలన్నమాట. సగోత్రం అయితే సంబంధం కుదరదు! ఇక్కడ పుట్టిన రెండు ఆడ పాండాలను 2003లో సింగలీలా అడవిలో వదిలారు. మేనకోడలు కోల్‌కతాలో అడిగినదానికి ఇక్కడ ఒక పేరు దొరికింది. సింగలీలా, సింగలీలా అని దారంతా పాడుకుంది.

రెండో రోజు తెరిచే వేళకే మళ్లీ వెళ్లాం. పొగమంచు ఇంకా విడలేదు. మా వెనుక ఇద్దరో ముగ్గురో, అంతే. పాండా చెట్టు దిగి, వెదురు మోపు దగ్గర చతికిలబడి, ఒక్కో రెమ్మనూ ముందుకాలితో వంచుకుని నమలడం మొదలుపెట్టింది. మంచు చిరుత మాత్రం కనిపించలేదు. ఆవరణ ముందు పావుగంట నిలబడి రాళ్లను లెక్కపెట్టాం. మూడో రాయికి చెవులున్నాయని మేనకోడలే పసిగట్టింది.

తిరుగు జీపును గురువారానికి మాట్లాడుకున్నాం.