ఆస్తి పన్నుపై ఓటు వేసే ముందు చదవవలసిన పుస్తకం: కాలిఫోర్నియా ఓటరు కరదీపిక, 2020 నవంబరు సంచిక

రాష్ట్రవ్యాప్త ఎన్నికలకు ముందు కాలిఫోర్నియా ప్రభుత్వం ఓటర్ల ఇళ్లకు ఉచితంగా పంపే సమాచార కరదీపికల్లో 2020 సంచికను నేను ప్రత్యేకంగా దాచుకున్నాను. ఆస్తి పన్నుకు సంబంధించిన 15వ, 19వ ప్రతిపాదనలు రెండూ ఆ ఏడాదే ప్రజల ఓటుకు వచ్చాయి.

ఇందులో అన్నిటికన్నా విలువైనది శాసనసభ విశ్లేషకుల కార్యాలయం (ప్రతిపాదనల ఆర్థిక ప్రభావాన్ని పార్టీలకు అతీతంగా లెక్కగట్టే రాష్ట్ర సంస్థ) రాసిన భాగం. 1978 జూన్‌లో దాదాపు 65 శాతం ఓట్లతో నెగ్గిన 13వ ప్రతిపాదన పన్నును ఆస్తి విలువలో 1 శాతానికి కట్టడి చేసి, ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదని, ఆస్తి చేతులు మారినప్పుడో కొత్త నిర్మాణం జరిగినప్పుడో మాత్రమే మార్కెట్ ధరకు సవరించాలని నిర్దేశించింది. ఆ లెక్కన 1978లో 60,000 డాలర్ల విలువ కట్టిన ఇల్లు అదే యజమాని చేతిలో ఉంటే 2020 నాటికి దానిపై ఏడాదికి సుమారు 1,380 డాలర్ల పన్ను పడుతుంది. పక్కనే అలాంటి ఇంటినే 12 లక్షలకు కొత్తగా కొన్న కుటుంబం 12,000 కడుతుంది. పింఛనుతో బతికే వృద్ధులను సొంత ఇంట్లో నిలబెట్టింది ఈ నియమమే, కొత్తగా వచ్చిన వారిపై భారం మోపిందీ ఇదే. 30 లక్షల డాలర్లకు మించిన వాణిజ్య ఆస్తులకు ఈ రక్షణ తొలగించాలన్న 15వ ప్రతిపాదన వల్ల ఏటా 650 నుంచి 1,150 కోట్ల డాలర్లు రావచ్చని అంచనా వేస్తూనే, ఆ రాబడి స్థిరాస్తి మార్కెట్‌ను బట్టి మారుతుందని కూడా విశ్లేషకులు స్పష్టం చేశారు. నేను ఈ పుస్తకాన్ని నమ్మడానికి కారణం ఆ నిజాయితీయే.

పుస్తకంలో ప్రతిపాదనలకు పెట్టే శీర్షికల విషయంలో మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. వాటిని రాసేది ఎన్నికల్లో పార్టీ తరఫున గెలిచిన అటార్నీ జనరల్, అంటే రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి. 15వ ప్రతిపాదన శీర్షిక బడులకు, స్థానిక సేవలకు నిధులు పెరుగుతాయన్న మాటతో మొదలై, పన్ను విధింపు మారుతుందన్న సంగతిని చివరికి నెట్టింది. అనుకూల, ప్రతికూల వాదనలను ఏ ప్రభుత్వ సంస్థా సరిచూడలేదని పుస్తకమే చెబుతుంది కనుక, వాటిని విశ్లేషణ తరువాతే చదవాలి.

15వ ప్రతిపాదన సుమారు 52 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది. స్వల్ప ఆధిక్యంతో నెగ్గిన 19వది మన కుటుంబాలకు మరింత దగ్గరి విషయం. తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఇంట్లో పిల్లలు స్వయంగా కాపురం ఉండకుండా అద్దెకిస్తే పాత పన్ను విలువ ఇక వర్తించదు. బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో పరిసర ప్రాంతం) ఇల్లు ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ అవసరమైన ఈ వివరం హిందీ ప్రతిలో దొరికింది కానీ తెలుగులో లేదు. మన సంఘాలు రాష్ట్ర ఎన్నికల అధికారులను అడగవలసిన మొదటి కోరిక ఇదేనని నా అభిప్రాయం.