మంచు మూత తీసి చూపే అంటార్కిటికా నమూనా

విశాఖపట్నంలో జగదాంబ జంక్షన్ సమీపంలోని ఒక పుస్తకాల దుకాణంలో రెండు నెలల క్రితం 3,200 రూపాయలకు అంటార్కిటికా ఉబ్బెత్తు నమూనాను కొన్నాను. ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించే నాకు ఈ ఖండాన్ని పిల్లలకు ఎలా చూపించాలన్నది చాలాకాలంగా ఉన్న ఇబ్బంది. గోడపటంలో అది అడుగున సాగదీసిన తెల్లని పట్టీలా కనిపిస్తుంది, గ్లోబులో దాని నడిమధ్యన ఇరుసు మేకు దిగి ఉంటుంది. భారతదేశానికి నాలుగు రెట్లకు పైబడిన, సుమారు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల భూభాగాన్ని అలా చూపడం అన్యాయమని నాకు ఎప్పుడూ అనిపించేది.

ఈ నమూనా రెండు ప్లాస్టిక్ పలకల అమరిక. పై పలక మంచు ఉపరితలం, దానిని మూతలా ఎత్తితే కింద శిలాతలం కనిపిస్తుంది. అడ్డంగా ఒక సెంటీమీటరుకు వంద కిలోమీటర్లు కొలత కాగా, నిలువు కొలతను నలభై రెట్లు పెంచారు. ఈ విషయం పెట్టెమీద స్పష్టంగా ముద్రించడం మెచ్చుకోదగినది, ఎందుకంటే నిజమైన నిష్పత్తిలోనే చేసి ఉంటే సగటున రెండు కిలోమీటర్ల మందం గల ఆ మంచు పెళ్లి శుభలేఖ అట్టంత పలుచగా, ఖండంలోకెల్లా ఎత్తైన 4,892 మీటర్ల విన్సన్ శిఖరం అర మిల్లీమీటరు ఎత్తున ఉండేవి, అప్పుడు వేలికి ఏమీ తగిలేది కాదు.

మూత పెట్టి ఉంచినప్పుడు తూర్పు భాగం నున్నని గోపురంలా కనిపిస్తుంది. మూడున్నర వేల కిలోమీటర్ల పొడవున సాగే ట్రాన్స్ అంటార్కిటిక్ పర్వతశ్రేణి దానిని చిన్నదైన పశ్చిమ భాగం నుంచి వేరుచేస్తుంది. ఈ గోపురపు వాలును చేత్తో తడిమితే, ఎత్తైన నడిభాగంలో చల్లబడి బరువెక్కిన గాలి తీరం వైపు ఎందుకు అంత వేగంగా జారుతుందో పిల్లలకు వేరే చెప్పనక్కరలేకపోయింది. 1983 జూలై 21న మైనస్ 89.2 డిగ్రీలు నమోదైన వోస్తోక్ అనే రష్యా పరిశోధన కేంద్రాన్ని ఆ ఎత్తులోనే గుర్తించారు.

అసలు విలువ మాత్రం మూత తీసినప్పుడే తెలుస్తుంది. నున్నని గోపురం కింద గంబుర్ట్సెవ్ పర్వతాలు లేచి నిలబడతాయి. 1958లో సోవియట్ బృందం కనుగొనేవరకూ వాటి ఉనికే ఎవరికీ తెలియదు, నేటికీ వాటిలో ఒక్క శిఖరమూ మంచు దాటి బయటికి రాలేదు. దాదాపు నాలుగు కిలోమీటర్ల మంచు కింద గడ్డకట్టకుండా ఉన్న, 250 కిలోమీటర్ల పొడవైన వోస్తోక్ సరస్సును నీలిరంగు గుంటగా మలిచారు. పైనున్న మంచు బరువు కలిగించే ఒత్తిడీ, భూగర్భపు వేడీ ఆ నీటిని నీటిగానే నిలుపుతున్నాయని కరపత్రంలో సరిగానే రాశారు.

శిలాతలపు అంచున సముద్రమట్టపు గీత ఉంది. తరగతిలో మేము ఆ గీత వరకు రంగునీళ్లు పోసి చూశాము. తూర్పు భాగం చాలావరకు నేలగానే నిలిచింది కానీ, పశ్చిమ భాగం అక్కడక్కడ దీవులు మిగిలిన సముద్రమైపోయింది. బెంట్లీ లోయ సముద్రమట్టానికి రెండున్నర కిలోమీటర్ల దిగువకు పోయింది. పశ్చిమ అంటార్కిటికా మంచు నేలమీద కాక సముద్రగర్భంలో పాదం మోపి నిలబడిందని నేను ఏళ్ల తరబడి నోటితో చెప్పిన మాట పిల్లలకు ఆ ఐదు నిమిషాలలో అర్థమైంది. అయితే ఇక్కడ కరపత్రం ఒక ముఖ్యమైన సంగతిని వదిలేసింది. మంచు బరువుకు కింది నేల కుంగి ఉంది. మూడు కిలోమీటర్ల మంచు ఉన్నచోట అది ఎనిమిది, తొమ్మిది వందల మీటర్లు దిగి ఉంటుంది, మంచు తొలగితే వేల సంవత్సరాలలో మెల్లగా పైకి లేస్తుంది. కనుక మూత తీస్తే కనిపించేది నేడు మంచు కింద ఉన్న నేలే తప్ప, మంచు కరిగాక మిగిలే ఖండం కాదు. ఉపాధ్యాయులు ఈ తేడాను తప్పక చెప్పాలి.

రాస్ ఐస్ షెల్ఫ్‌ను చూపిన తీరు నాకు బొత్తిగా నచ్చలేదు. ఆంధ్రప్రదేశ్‌కు సుమారు మూడు రెట్ల విస్తీర్ణం గల ఆ మంచు పలక సముద్రం మీద తేలుతోంది. నమూనాలో దానికీ నేలమీది మంచుకూ ఒకే తెలుపు వేశారు, పైగా అది కింది పలకకు అతుక్కునేలా చేశారు. తేలే మంచు కరిగినా సముద్రమట్టం నేరుగా చెప్పుకోదగినంత పెరగదు, కానీ వెనుకనున్న హిమానీనదాలను అది అడ్డుగోడలా ఆపుతుంది. 2002లో లార్సన్ బి అనే మరో తేలే మంచు పలక విరిగిపోయాక వెనుకటి హిమానీనదాలు వేగం పుంజుకోవడం ఇందుకు నిదర్శనం. సముద్రపు ఒడ్డున బతికే మన ఊరి పిల్లలకు ఈ భేదం తెలియకపోతే ఎలా?

రెండవ లోపం అక్కడున్న మన దేశపు పరిశోధన కేంద్రాలైన మైత్రి, భారతి విషయంలో ఉంది. మైత్రి షిర్మాకర్ ఒయాసిస్సు అనే మంచులేని నేలమీద, 11 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటాక, సరైన చోటే ఉంది. భారతి చుక్కను మాత్రం దాని పక్కనే పెట్టారు. 2012లో మొదలైన భారతి నిజానికి 76 డిగ్రీల తూర్పున, ప్రిడ్జ్ అఖాతపు ఒడ్డున ఉన్న లార్స్‌మన్ కొండలలో ఉంది. ఈ పొరపాటు నన్ను ప్రత్యేకంగా బాధించడానికి కారణం, ఆ తీరం మనకు పరాయిది కాకపోవడమే. గోండ్వానా ఖండం చీలకముందు మన తూర్పు కనుమలు ఆ తీరంతో కలిసి ఉండేవి. ప్రిడ్జ్ అఖాతానికి పడమటనున్న మాక్ రాబర్ట్‌సన్ లాండ్ శిలలూ, మన తూర్పు కనుమల శిలలూ సుమారు వంద కోట్ల సంవత్సరాల నాటి ఒకే పర్వత నిర్మాణానికి చెందినవని భూవిజ్ఞానులు గుర్తించారు. కైలాసగిరిపై కాలికి తగిలే ఎర్రబారిన ఖొండలైట్ రాయి ఆ కుటుంబానిదే.

నీళ్లు పోసిన మూడవసారికి ఒక మూల రంగు లేచింది. దుకాణంవారు మార్చి ఇస్తామన్నారు కానీ, కొత్తదానిలోనూ భారతి అక్కడే ఉంటుంది కదా అని నేను వద్దన్నాను. ఈ లోపాలన్నీ ఎరిగే దీనిని ఏ పాఠశాలకైనా కొనమని చెబుతాను. నా నమూనాలో ప్రిడ్జ్ అఖాతపు అంచున ఎర్రతల గుండుసూది గుచ్చి, దాని పక్కన కైలాసగిరి నుంచి పిల్లలు తెచ్చిన రాతిముక్కను ఉంచాము.