నాలుగేళ్లు క్యూజీఐఎస్‌తో: ఒక ఊహాలోకం, పదకొండు సీమల మ్యాపులు

పిల్లల కోసం రాస్తున్న నా కథలోని లోకం తూర్పు పడమరలుగా 2,400 కిలోమీటర్లు ఉంటుంది. దాని మ్యాపు మొదట పెన్సిలుతో గీసుకున్నాను. కథ పెరిగాక సీమకో మ్యాపు కావాల్సొచ్చింది. స్కాన్ చేసిన బొమ్మని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ పెద్దది చేసి, బొమ్మలేసే ఒక యాప్‌లో ఊళ్లూ దారులూ గీస్తూ పోయాను. ఆరు సీమలు అయ్యాక మా అమ్మాయి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "నాన్నా, ఈ రేవు ఇందులో ఏటికి ఇవతలుంది, అందులో అవతలుందేంటి?" అంది. ఒక మ్యాపులో ఊరిని జరిపి, రెండోదాంట్లో మర్చిపోయాను.

అప్పుడే క్యూజీఐఎస్‌కి మారాను. 2002లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, నిజమైన భూమి మ్యాపుల కోసం పుట్టింది. అయినా నాలాంటివాళ్లకి సరిగ్గా పనికొస్తుంది. ఎందుకంటే ఇందులో ఊరు ఒక్కచోటే నమోదై ఉంటుంది. మ్యాపులు ఎన్ని తీసినా అన్నీ ఆ ఒక్క ఊరినే చూపిస్తాయి.

స్కాన్‌ని జియోరిఫరెన్సర్‌లో (బొమ్మలోని చోట్లకి మ్యాపు కొలతలు కుదిర్చే పనిముట్టు) పెట్టి మూలలకి కొలతలిచ్చాను. తీరం, నదులు, కొండలు, ఊళ్లు, సీమల హద్దులు వేరువేరు లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక పొరల్లా గీశాను. అచ్చు పేజీ తయారుచేసే ప్రింట్ లేఅవుట్‌లో అట్లాస్ ఆన్ చేసి, హద్దుల లేయర్‌ని కవరేజ్ లేయర్‌గా (ఏయే భాగాలకి పేజీలు కావాలో చెప్పే పొర) చూపిస్తే సీమకో పేజీ తనే తీసిస్తుంది. పైన సీమ పేరు కూడా దానంతటదే మారుతుంది. రేవుని ఒకసారి జరిపితే అది కనిపించే మూడు పేజీల్లోనూ జరుగుతుంది. నాకు ఇంతకంటే పెద్ద సుఖం లేదు.

అయితే మొదటి అచ్చు చూసి నిరాశపడ్డాను. ఏ3 కాగితం మీద మొత్తం లోకం సెంటీమీటరుకి 60 కిలోమీటర్లు. డెల్టా సీమ ఒక్కదానికీ సెంటీమీటరుకి 3 కిలోమీటర్లు, అంటే 20 రెట్లు పెద్దది. మొత్తం లోకం మ్యాపులో మిల్లీమీటరు మందాన కనిపించిన నదిని అలాగే పెంచితే రెండు సెంటీమీటర్లు, అంటే ఆరు కిలోమీటర్ల వెడల్పు! మన ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1,223 మీటర్లు. అదే కొలతలో అది నాలుగు మిల్లీమీటర్లే. అందుకే డెల్టా సీమలో నదిని కొత్తగా గీశాను. బ్యారేజి దగ్గర్నుంచి బందరు కాలవ, ఏలూరు కాలవ చీలినట్టు కాలవలు తీశాను. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలై దివిసీమని చుట్టుకున్నట్టు పాయలు గీశాను. మధ్యలో లంకలు పెట్టాను. ఈ పని ఏ సాఫ్ట్‌వేరూ చేసిపెట్టదు, మనమే కూర్చుని తేల్చుకోవాలి. క్యూజీఐఎస్ చేసేది ఏమిటంటే, లేయర్‌కి స్కేలు పరిమితి పెడితే ఆ లంకలూ పల్లెలూ మొత్తం లోకం మ్యాపులో కనపడకుండా, సీమ మ్యాపులో మాత్రమే తేలతాయి.

ఒక జాగ్రత్త. మీటర్ల లెక్క కోసం నేను మన ప్రాంతానికి వాడే యూటీఎం 44 ఉత్తర జోన్ (భూమిని పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలో ఒక పట్టీ) తీసుకున్నాను. ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్‌ని (దూరాలు కొలిచేందుకు వాడే భూమి ఆకారం) ప్లానిమెట్రిక్‌కి, అంటే బల్లపరుపు లెక్కకి మార్చలేదు. దాంతో అది గుండ్రటి భూమి లెక్కన కొలిచి, అంచుల్లో ఉన్న సీమల దూరాలు తప్పు చూపించింది. బల్లపరుపు లోకానికి ఆ సెట్టింగు మొదటిరోజే మార్చాలి. ఇంకోటి, అట్లాస్‌లో మార్జిన్ పద్ధతి (సీమ చుట్టూ కాస్త అంచు వదిలి పేజీకి సరిపెట్టేది) వాడితే చిన్న సీమా పెద్ద సీమా కాగితం నిండా వచ్చేస్తాయి, స్కేలు దేనికదే. పక్కపక్క సీమలు పోల్చుకోవాలంటే అన్ని పేజీలకీ ఒకే స్కేలు ఉంచే ఫిక్స్‌డ్ స్కేలే పెట్టాలి.

తెలుగు పేర్లు మండలి ఫాంటులో ఒత్తులతో సహా చక్కగా పడ్డాయి. ఎనిమిది పాయింట్ల కంటే తగ్గిస్తే మాత్రం విజయవాడ గవర్నరుపేటలో అచ్చు తీయించిన కాగితం మీద ఒత్తులు కలిసిపోయాయి. కొండలు, కోటల గుర్తులు నేనే ఎస్‌వీజీ బొమ్మలుగా (ఎంత పెంచినా మసకబారని గీతల బొమ్మలు) గీసి చేర్చుకున్నాను. అలంకారమే ముఖ్యమనుకునేవాళ్లు, ఒక్క మ్యాపు చాలనుకునేవాళ్లు దీని జోలికి రానక్కర్లేదు, నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. నాలుగైదు సీమలు దాటే లోకమైతే నేను దీన్నే చెబుతాను.

పదకొండులో తొమ్మిది సీమలు అచ్చయ్యాయి. రేవు ఇప్పుడు అన్నిట్లోనూ ఏటికి ఇవతలే ఉంది.