ఇరవై ఒక్క సీజన్లు చూశాను, ఈసారి మాత్రం నోరు చప్పగా ఉంది

ఏటా ఆగస్టు చివర్లో మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటిస్తాను. అమెరికా టీవీలో సెప్టెంబరు నుంచి మే దాకా నడిచే సీజన్‌లో ఏ రోజు ఏ ఛానెల్లో ఏ సీరియల్ మొదలవుతుందో నా చేత్తో రాసుకునే పట్టిక. 2004 నుంచి ఒక్క ఏడూ మానలేదు. ఈసారి 2025-26 సీజన్‌కి రాయడం మొదలుపెట్టి, మంగళవారం దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కన పడేశాను. సీబీఎస్‌లో మంగళవారం మూడు గంటలూ నౌకాదళ నేరాల సీరియల్ ఎన్‌సీఐఎస్సే. అసలుది ఒకటి, దాని పూర్వకథ ఒకటి, దాని సిడ్నీ శాఖ ఒకటి. ఎన్‌బీసీలో అక్టోబరు నుంచి బాస్కెట్‌బాల్. ఏబీసీలో డాన్సుల పోటీ, దాని వెనకాల నేర పరిశోధన సీరియల్ 'హై పొటెన్షియల్'. ఆ చివరిదొక్కటే రాసుకున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే టీవీ కోసం ఇంత బాధేమిటని నవ్వుతారు. 2004 ఆగస్టులో మా ఆయన ఉద్యోగ వీసాకి తోకలా వచ్చే హెచ్4 వీసా మీద టెక్సాస్ వచ్చాను. డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక్క బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు, ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది గానీ వింటే అయ్యేది కాదు. కేబుల్ ఖర్చు ఎందుకని మా ఆయన కుందేలు చెవుల్లాంటి రెండు పుల్లల యాంటెన్నా తెచ్చి పెట్టారు. దేశంలోని నాలుగు పెద్ద నెట్‌వర్క్‌లూ అందులో ఉచితంగా వచ్చేవి: ఛానెల్ 4 ఫాక్స్, 5 ఎన్‌బీసీ, 8 ఏబీసీ, 11 సీబీఎస్. కింద అక్షరాలు వచ్చేలా పెట్టుకుని సాయంత్రం ఏడింటికి కూర్చునేదాన్ని. (న్యూయార్క్ వాళ్ళకి ఎనిమిదింటికి మొదలయ్యేది మా సెంట్రల్ టైమ్ వాళ్ళకి ఏడింటికే వస్తుంది. పదింటికల్లా అన్నీ ముగించుకుని పడుకోవచ్చు. ఈ ఊళ్ళో నాకు మొదట నచ్చింది అదే.)

సెప్టెంబరు 22, బుధవారం రాత్రి ఏబీసీలో 'లాస్ట్' మొదలైంది. నెల క్రితమే విమానంలో బిక్కుబిక్కుమంటూ వచ్చినదాన్ని, తెర తీయగానే ముక్కలైన విమానం, ఇసుకలో అరుస్తున్న జనం! భయపడి కట్టేద్దామనుకున్నాను, చేయి రాలేదు. అంతమందిలో మనవాడిలా కనిపించిన ముఖం నవీన్ ఆండ్రూస్‌ది. తీరా చూస్తే ఇరాకీ సైనికుడి వేషం. ఆ సీజన్లో అడవి మధ్య నేలలో ఒక ఇనుప మూత బయటపడుతుంది. దాని కింద ఏముందో చెప్పకుండా నెలల తరబడి సాగదీశారు. మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో ఒక మెక్సికన్ ఆవిడ ఉండేది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే తూకం. గురువారం పొద్దున బట్టలు తిరుగుతుంటే ఇద్దరం ఆ మూత గురించి చేతులు తిప్పుతూ గంటసేపు వాదించుకునేవాళ్ళం. ఈ దేశంలో నేను ధైర్యంగా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అది. హెచ్4 వాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది 2015 మేలో. అంతవరకూ నాకు బడీ, ఆఫీసూ, ఊరూ అన్నీ ఆ నాలుగు ఛానెళ్ళే.

అంచేత నా లెక్కలో సీజన్ అంటే ఇది: సెప్టెంబరులో ఎవరికీ తెలియని కథ ఒకటి వచ్చిపడాలి, మే దాకా వారం వారం అందరం కలిసి తల బద్దలు కొట్టుకోవాలి. ఒక్క 2004-05లోనే ఏబీసీ 'లాస్ట్', 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్', 'గ్రేస్ అనాటమీ' తెచ్చింది, ఫాక్స్ 'హౌస్' తెచ్చింది. నాలుగింటికి నాలుగు కుండలు, నాలుగు రకాల వంటలు.

ఇప్పుడేమో అన్నీ అరటి పిలకలు, పాత సీరియల్లోంచి పుట్టించిన కొత్త సీరియళ్ళు. సీబీఎస్‌లో పోలీసు కుటుంబం కథ 'బ్లూ బ్లడ్స్' పద్నాలుగు సీజన్లు నడిచి 2024 డిసెంబరులో ముగిసింది. పోనీలే, దాని టైము కొత్తవాళ్ళకి దొరుకుతుందనుకున్నా. అందులోని పెద్దకొడుకు పోలీసునే న్యూయార్క్ నుంచి బోస్టన్‌కి బదిలీ చేసి, 'బోస్టన్ బ్లూ' అని పేరు పెట్టి, అదే శుక్రవారం అదే గంటకి కూర్చోబెట్టారు. ఆ ముందు గంటల్లో 'ఫైర్ కంట్రీ', దాని పిలక 'షెరిఫ్ కంట్రీ'. ఏబీసీ 2025 ఫాల్‌కి (శరదృతువుకి) తెచ్చిన కొత్త కథ ఒకే ఒక్కటి, అత్యవసర సిబ్బంది సీరియల్ '9-1-1'కి పిలక, '9-1-1: నాష్‌విల్'. ఈ 9-1-1 పిలకల్లో ఒకటి మా ఆస్టిన్ పేరు మీద ఐదు సీజన్లు నడిచింది. తీసిందంతా లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కలే. టెక్సాస్ ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి అదొక కామెడీ. ఇంకో వింత వినండి. 'ఎఫ్‌బీఐ' సీరియల్ చెట్టుకున్న రెండు కొమ్మల్ని 2025లోనే నరికేశారు. నరికిన చేత్తోనే 'సీఐఏ' అని ఇంకో కొమ్మ అంటు కట్టారు, అది సీజన్ మధ్యలో తెస్తామన్నారు.

వీళ్ళ ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. ఎవరు ఎంత టీవీ చూస్తున్నారో కొలిచే నీల్సన్ సంస్థ 2025 మే నెల లెక్క చూశాను. టీవీ చూసే సమయంలో స్ట్రీమింగ్ వాటా 44.8 శాతం, నెట్‌వర్క్‌ల వాటా 20.1, కేబుల్ వాటా 24.1. రెండూ కలిపినా స్ట్రీమింగ్ కంటే తక్కువ కావడం అదే మొదటిసారి. వెనక 2023లో రచయితల సమ్మె 148 రోజులు, నటుల సమ్మె 118 రోజులు. చేతులు కాలినవాళ్ళు జూదం ఆడరు. తెలిసిన పేరు తగిలిస్తే కనీసం పాత జనమైనా వస్తారని ఆశ. ఆటలైతే జనం అదే రాత్రి చూస్తారు కాబట్టి ప్రకటనల వాళ్ళు డబ్బు పెడతారు. ఎన్‌బీసీ బాస్కెట్‌బాల్‌కి పదకొండేళ్ళ ఒప్పందం చేసుకుని, 2025 మేలో ఒకేసారి ఐదు సీరియళ్ళకు మంగళం పాడింది. వ్యాపారం అంతేలెండి. కానీ పాత చింతకాయ పచ్చడి ఎంత మంచిదైనా మూడు పూటలా అదే వడ్డిస్తే తినేవాళ్ళేం చేస్తారు?

ఎపిసోడ్లు తగ్గడం నాకు ఇంకా పెద్ద లోటు. అప్పట్లో ఇరవై రెండు, ఇరవై నాలుగు వచ్చేవి. వాటిలో నాలుగైదు ఊకదంపుడే, ఒప్పుకుంటాను. ఆ ఊకదంపుడు వారాల్లోనే పాత్రలు మనింటి మనుషులయ్యేవి. ఇప్పుడు చాలావాటికి పద్ధెనిమిది వస్తే గొప్ప. 'హై పొటెన్షియల్' మొదటి సీజన్ పదమూడే. అలవాటు పడేలోగా అయిపోయింది.

ఇక యాంటెన్నా గురించి అడిగేవాళ్ళకి: ఇన్నేళ్ళలో దాని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. 2009 జూన్ 12న పాత సిగ్నల్ ఆపేసి డిజిటల్‌కి మారాక బొమ్మ అద్దంలా వస్తుంది. మా ప్రసార టవర్లన్నీ మాకు దక్షిణాన సెడార్ హిల్‌లో ఉన్నాయి, దక్షిణం కిటికీ దగ్గర పెడితే చాలు. ఛానెల్ 8 మాత్రం వీహెచ్ఎఫ్ (పొడుగు తరంగాల సిగ్నల్) కాబట్టి కొంచెం పొడుగు పుల్లలున్నది కొనండి. రికార్డర్ పెట్టుకుంటే ఆదివారాలు ఒక గంట అదనంగా పెట్టండి. ఫుట్‌బాల్ ఆట సాగి సాగి, హంతకుడెవరో చెప్పే చివరి పది నిమిషాలు నాకు ఎన్నిసార్లు తెగిపోయాయో! యాంటెన్నాకి ఐదుకి నాలుగున్నర, అందులోంచి 2025-26లో వచ్చేదానికి రెండు.

ఆ రెండు కూడా గురువారం వల్ల. సీబీఎస్‌లో 'ఘోస్ట్స్' ఉంది, ఉత్కర్ష్ అంబుడ్కర్ అందులో జే. ఇల్లంతా దయ్యాలే, పెళ్ళానికి కనబడతాయి, ఇతనికి కనబడవు. మనవాడు డాక్టరూ కాకుండా, కంప్యూటరు పిచ్చోడూ కాకుండా, మామూలు మొగుడిగా వంట చేసుకుంటూ ఉంటే చూడడానికి హాయిగా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం తిరకాసు వేరు. ఈ సీరియళ్ళు నాకొక్కదానికే కనబడుతున్నాయి. "మర్నాడు యాప్‌లో వస్తుంది కదమ్మా, ఏడింటికే ఎందుకు కూర్చుంటావ్" అంటుంది మా అమ్మాయి. ఆ మర్నాడు తను చూసిన రోజు నాకు గుర్తులేదు.

దాని వెనకే కాథీ బేట్స్ నటించే లాయరు సీరియల్ 'మ్యాట్‌లాక్'. పేరు పాతదే, కానీ మొదటి ఎపిసోడ్ చివర్లో కథ తిప్పిన తీరు చూశాక పాత పేరు పెట్టుకున్నందుకు క్షమించేశాను. ఇలా చేస్తే పిలకలైనా చూస్తాం కదా! బుధవారం ఏబీసీలో బడి టీచర్ల కామెడీ 'ఎబట్ ఎలిమెంటరీ' సరేసరి, దాన్ని సృష్టించి నటించే క్వింటా బ్రన్సన్ ఉన్నంతకాలం దానికి ఢోకా లేదు.

కాగితం మీద మొత్తం నాలుగు పేర్లు తేలాయి. మిగతా ఖాళీలో మా ఆయన మా డల్లాస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆటల తేదీలు రాసుకున్నారు.