నాంపెన్‌లో మూడు రాత్రులు, అమ్మతో

కంబోడియా అనగానే మనవాళ్ళు ఆంకోర్‌వాట్ కోసం నేరుగా సియెమ్ రీప్ వెళ్ళిపోతారు. రాజధాని నాంపెన్‌కి మహా అయితే ఒక్క రాత్రి ఇస్తారు. నేనూ మా అమ్మా మూడు రాత్రులున్నాం, ఇంకో రోజు ఉంటే బాగుండేది అనిపించింది.

ముందు బస సంగతి. నది కనిపించే బాల్కనీ మీద ఆశపడి మొదటి రాత్రికి నది ఒడ్డునే హోటల్ తీసుకున్నాం. నది బాగానే కనిపించింది కానీ కింద బార్లో పాటలు రాత్రి రెండింటి దాకా ఆగలేదు, అమ్మకి నిద్ర లేదు, గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. తెల్లారగానే సామాను సర్దుకుని బీకేకే వన్ అనే పేటకి మారిపోయాం. చెట్లు, కాఫీ షాపులు, రాత్రిపూట ప్రశాంతంగా ఉంటుంది. పెద్దవాళ్ళతో వెళ్తే అక్కడే దిగండి, నది ఒడ్డుకి సాయంత్రాలు వెళ్ళొచ్చు. తోన్లే సాప్ నది వచ్చి మెకాంగ్ నదిలో కలిసేది అక్కడే. వానాకాలంలో మెకాంగ్ పొంగి తోన్లే సాప్ వెనక్కి పారుతుందని చెప్తే అమ్మ నమ్మలేదు.

తిరగడానికి పాస్ యాప్‌లో టుక్‌టుక్ పిలుచుకుంటే బేరాల టెన్షన్ ఉండదు. డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. డాలర్లు ఎక్కడైనా తీసుకుంటారు, చిల్లర వాళ్ళ కరెన్సీ రియెల్‌లో ఇస్తారు, డాలరుకి దాదాపు 4000 లెక్క. కానీ నోటు కాస్త చిరిగినా తీసుకోరు. నా ఇరవై డాలర్ల నోటుకి అంచున గోరంత చిరుగు ఉంటే కొట్లో అమ్మాయి దాన్ని వెలుగుకి పెట్టి చూసి, రెండు చేతులతో మర్యాదగా వెనక్కి ఇచ్చేసింది. ఇంకో మాట, 2025 సెప్టెంబరు నుంచి విమానాలు కొత్త తెచో ఎయిర్‌పోర్టులో దిగుతున్నాయి, అది ఊరికి బాగా దూరం, పాత వ్యాసాల్లో రాసిన టైము లెక్కలు నమ్మకండి.

రాజభవనం మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, భుజాలూ మోకాళ్ళూ కప్పుకోవాలి. సిల్వర్ పగోడాలో నేల మీద 5 వేలకి పైగా వెండి పలకలున్నాయి కానీ చాలావరకు తివాచీలు పరిచేశారు, వాటికోసమే వెళ్తే నిరాశే. నాకు నచ్చింది చుట్టూ ఉన్న మండపం గోడలు. అంతా రామాయణమే, వాళ్ళు రీమ్‌కెర్ అంటారు. రంగులు చాలాచోట్ల పెచ్చులూడిపోయాయి, అయినా అమ్మ ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, ఇదిగో హనుమంతుడు, ఇదిగో లంక అని నాకే చెప్పుకుంటూ వచ్చింది.

నన్నడిగితే ఈ ఊళ్ళో అన్నిటికన్నా విలువైంది పక్కనే ఉన్న నేషనల్ మ్యూజియం. 1920లో తెరిచిన ఎర్రటి కట్టడం. నాం దా కొండ దగ్గర దొరికిన గోవర్ధనధారి కృష్ణుడు అక్కడున్నాడు, ఎడమ చెయ్యి పైకెత్తి, ఏ బరువూ లేనట్టు ప్రశాంతంగా. అమ్మ చెప్పులు విప్పబోయి ఆగి, చేతులు జోడించింది. పదిహేను నిమిషాలు అక్కణ్ణుంచి కదల్లేదు. రెండు గంటలు చాలనుకుని వెళ్ళాం, నాలుగు గంటలు పట్టింది.

తువోల్ స్లెంగ్ అనే పాత జైలు, ఇప్పటి మ్యూజియంకి మూడోరోజు నేనొక్కదాన్నే వెళ్ళాను. దాన్ని రాజభవనంతో కలిపి ఒకే రోజు పెట్టుకోవద్దు, టూర్లవాళ్ళు అలాగే అమ్ముతారు. అది ఒకప్పుడు హైస్కూలు. 1975లో ఖ్మేర్ రూజ్, అంటే పోల్ పాట్ కమ్యూనిస్టు సేన, ఊరంతా ఖాళీ చేయించాక దాన్ని జైలు చేశారు, వేల మందిని లోపలికి తెస్తే బతికి బయటపడ్డవాళ్ళు చాలా కొద్దిమందే. ఆడియో గైడ్ తప్పకుండా తీసుకోండి. క్లాసుల్లో ఇనప మంచాలు అలాగే ఉన్నాయి, కింద పసుపూ తెలుపూ గళ్ళ టైల్స్, మా ఊరి బళ్ళో ఉన్నలాంటివే. వరండాలకి ముళ్ళకంచె కట్టింది ఖైదీలు దూకి చచ్చిపోకుండా. ఫోటోల్లో చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

మధ్యాహ్నం, ఆ ఖైదీలని తీసుకెళ్ళి చంపి పాతిపెట్టిన చోయెంగ్ ఎక్ కూడా చూద్దామని టుక్‌టుక్ అతనితో ముందే మాట్లాడుకున్నాను. గేటు బయటికొచ్చాక వద్దులెండి, హోటల్‌కి పోదాం అన్నాను. ఆయన ఏమీ అడగలేదు, బండి తిప్పాడు.