లియోన్ దీపాల పండుగ: ఎక్కడ దిగాలి, ఏది వదలకూడదు

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఏటా డిసెంబరు 8 చుట్టూ నాలుగు రాత్రులు దీపాల పండుగ జరుగుతుంది. చూడటానికి టికెట్ లేదు, లక్షల్లో జనం వస్తారు. అందుకే ఖర్చూ టెన్షనూ అంతా బస దగ్గరే.

మేం పార్-ద్యు స్టేషన్ పక్కన ఒక హోటల్లో దిగాం. పారిస్ నుంచి టీజీవీ అనే హైస్పీడు రైల్లో రెండు గంటల ప్రయాణం, కాబట్టి స్టేషన్ దగ్గరైతే సుఖమనుకున్నాం. పండుగ పేరు చెప్పి మామూలు రేటు మీద బాగా పెంచారు. హీటరు సరిగ్గా పనిచేయడం లేదంటే ఇంకో దుప్పటి ఇచ్చి ఊరుకున్నారు. అంత డబ్బు తీసుకుని అలా చేయడం అన్యాయం. నన్నడిగితే లియోన్‌ను ఆనుకుని ఉన్న విల్లర్‌బాన్ ఊరు మేలు. అక్కడి నుంచి మెట్రో ‘A’ లైన్ నేరుగా నగరం నడిబొడ్డుకు వస్తుంది. సాయంత్రం రద్దీ పెరిగితే మధ్యలో కొన్ని స్టేషన్లు మూసేస్తారు, ఒకటి రెండు స్టేషన్ల ముందే దిగి నడవడం నయం.

అందరూ పరుగెత్తేది తెరో కూడలికి. సిటీ హాలు, మ్యూజియం గోడల మీద వెలుగుతో బొమ్మలు ఆడిస్తారు. కిటికీ గట్టు, స్తంభం అంచు కొలుచుకుని గీసినట్టు కాంతి సరిగ్గా అక్కడే పడుతుంది. కాసేపు రాతి గోడ పేకల్లా కూలిపోతున్నట్టే అనిపించింది. ఆట కొద్ది నిమిషాలే, దాని కోసం జనంలో ఒకే దిక్కుకు అంగుళం అంగుళం కదలాలి. అయినా చూడాల్సిందే. బెల్‌కూర్ మైదానంలో మాత్రం హోరెక్కువ, నాకు నచ్చలేదు.

నా మనసు దోచుకున్నది వేరే ఉంది. 1852లో ఫుర్వియేర్ కొండ మీద మేరీమాత విగ్రహం ప్రతిష్ఠించాలనుకున్నారు. సోన్ నది వరదతో శిల్పి పని ఆగి, సెప్టెంబరు ముహూర్తం డిసెంబరు 8కి వాయిదా పడింది. ఆ రోజూ గాలివాన. సాయంత్రానికి తెరిపివ్వగానే జనం కిటికీల్లో దీపాలు పెట్టారు. ఆ ఆచారమే ఈ పండుగకు మూలం. ఇప్పటికీ 8వ తేదీ రాత్రి పాత లియోన్ సందుల్లో, క్రువా-రూస్ కొండ వాలు మీద అవి కనిపిస్తాయి. నిలువు గీతలున్న చిన్న గాజు గ్లాసు, అందులో పొట్టి కొవ్వొత్తి. ఒక పెద్దావిడ వరసగా వెలిగిస్తుంటే గాలికి చివరిది ఆరిపోయింది. చెయ్యి అడ్డం పెట్టి మళ్ళీ వెలిగించి, అది నిలబడేదాకా కిటికీ మూయలేదు. లేజర్లు వదిలేసినా ఇది వదలొద్దు.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. ఇక్కడి పాతకాలపు హోటళ్ళలో పంది మాంసం వంటకాలే ఎక్కువ. వీధిలో వేడి వేడి చెస్ట్‌నట్ కాయలు దొరుకుతాయి.

పిల్లలు, పెద్దవాళ్ళు వెంట ఉంటే శనివారం రాత్రి వద్దు. పండుగలో గురువారం పడితే ఆ రాత్రి కొంత ఊపిరాడుతుంది. ఫుర్వియేర్ కొండకు పగలే ఫ్యునిక్యులర్‌లో (తాడుతో లాగే కొండ రైలు) వెళ్ళి రండి.